రైతు స్వాతంత్ర్యము, రెండు పక్షముల దృష్టి

వ్యక్తి స్వాతంత్ర్యమును గూర్చి మన రాజకీయపక్షములు చేసిన వాదమును గ్రహింపగోరువారు శాసనసభ వైపు పోవుటకు ముందు, గానుగలాడు దినములలో చీడికాడ చుట్టుపట్ల చెరకుతోటలకు పోవుట మేలు. పెనములో రసము మరగి, తెట్టు తీసి, పాకము వేళ్లతో పట్టిచూచి దిమ్మకట్టువరకు అచట పదిచేతులు పనిచేయును. తోట ఒకనిది, పెనము పొరుగువానిది, నరికి మోసినది కంబారి, అనగా పాలేరు. బెల్లపు దిమ్మ అనకాపల్లి అంగడి చేరునప్పుడు మాత్రము ఒక్క రైతు పేరనే చేరును.

వ్యక్తి స్వేచ్ఛ తన కాళ్లపై తాను నిలుచుటలో నున్నదా, పదిమంది అండలో నున్నదా యను ఈ తగవు అమెరికాలో ఆ రాజ్యముతోపాటే పుట్టినది. బలమైన కేంద్రప్రభుత్వపు అండనే వ్యక్తి వాణిజ్యోత్సాహము వర్ధిల్లునని హామిల్టన్ పక్షమువారు 1791లో జాతీయ బ్యాంకును నెలకొల్పిరి. తన నేలను తాను దున్నుకొని యెవరికిని తలయొగ్గని కృషీవలుడే గణతంత్రమునకు ఆధారమని నమ్మిన జెఫర్సన్ 1801లో అధ్యక్షుడయ్యెను. అయితే ఆ జెఫర్సన్ పొలములలోనే బానిసలు పనిచేయుచుండిరి. ఆయన సిద్ధాంతమును చదువునప్పుడెల్ల ఈ సంగతి నాకు ముల్లువలె తగులును.

జెఫర్సన్ కృషీవలునికి మన దేశమున దగ్గరి బంధువు నిడుబ్రోలు వాసి ఆచార్య రంగా చెప్పిన రైతు. జమీందారీలపై రైతులను కూడగట్టిన రంగా, 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో ఆ పోరు ఫలించుట కన్నులార చూచెను. చేతికందిన ఆ పట్టా మరల సర్కారు పాలగునను భయమే ఆయన తరువాతి రాజకీయమునకు మూలమని నా యభిప్రాయము. 1959 జనవరిలో నాగపురమున కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయమును ఆదర్శముగా తీర్మానించి, యాజమాన్యపు హక్కు రైతునకే యుండునని చెప్పినను, ఆయనకు నమ్మిక కలుగలేదు. ఒంటరి బీదవానికి సంఘబలమే స్వేచ్ఛనొసగునని కాంగ్రెసు వాదము. గట్టు చెరిగిన పొలములో రైతు కూలివాడగునని రంగా వాదము. ఆ యేడే రాజాజీ ప్రేరణమున వెలసిన స్వతంత్ర పక్షమునకు ఆయన ప్రథమాధ్యక్షుడయ్యెను.

ఒరిస్సా, రాజస్థానములలో రాజకుటుంబములు చేరినందున దానిని సంస్థానాధీశుల పక్షమనుట కద్దు. మన ఉత్తరాంధ్రకు ఆ మాట పొసగదు. ఇచట దానిని మోసినవాడు గీతకార్మికుల పక్షమున పోరాడిన గౌతు లచ్చన్న. రాష్ట్ర శాసనసభలో దానికి 1962లో 19 స్థానములు, 1967లో 29 స్థానములు లభించినవి. 1967లో శ్రీకాకుళమునుండి రంగా లోకసభకు ఎన్నికయ్యెను. కాంగ్రెసు ప్రభుత్వము 1961లో తెచ్చిన భూపరిమితి చట్టమో, పరిమితులు మిక్కిలి విశాలములగుటచే, పేదలకు పంచిపెట్టిన భూమి స్వల్పము.

పొలము రైతుదా, సంఘముదా యని ఇరుపక్షములు వాదించుచుండగా, సెంటు నేల లేని కంబారి తెల్లవారుజామున పెనము క్రింద చెరకుపిప్పి ఎగద్రోయుచునే యుండెను. దిమ్మలు బండికెక్కిన పిదప, పెనమునకంటిన పాకమును గీకి ఆకులో చుట్టుకొని యింటికి పోయెడివాడు; ఆతని బిడ్డలు గుమ్మముకడ దానికై కాచుకొని యుండెడివారు.