రావగెదె ఆడవాళ్ళ దావా



"పోలీసు చర్య" అన్న మాట మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించినప్పుడు ఆ మాటే వాడారు. అంతకు ఏడాది ముందే ఇండొనీషియాలో డచ్చివారూ ఇదే మాట వాడారు. అక్కడి సంగతి వేరు. అదే ఇవాళ చెప్పుకుందాం.

డచ్చివారంటే ఒకప్పుడు మన బందరులో అద్దకం బట్టలు కొని, తూర్పు దీవుల్లో సుగంధ ద్రవ్యాలకు మారకం వేసుకున్నవాళ్ళే. ఆ బేరం కాస్తా చివరికి రాజ్యమై కూర్చుంది. 1942లో జపానువాళ్ళు వాళ్ళను తరిమేశారు. 1945 ఆగస్టు 15న జపాను లొంగిపోయింది. రెండు రోజులకే సుకర్ణో, హట్టా జకార్తాలో స్వాతంత్ర్యం ప్రకటించారు.

హాలెండు తాను ఐదేళ్ళు జర్మనీ కింద నలిగిన దేశం. పరాయి పాలన అంటే ఏమిటో దానికి ఒకరు చెప్పాలా? అయినా తన గాయాలు మానకముందే లక్షమందికి పైగా సైనికులను ఓడలెక్కించి పంపింది. రబ్బరూ, పంచదారా, నూనె బావులూ వదులుకోలేక! 1947 జూలై 21న దాడి మొదలుపెట్టి, దానికి "పోలీసు చర్య" అని పేరు పెట్టింది. యుద్ధం అంటే రెండు దేశాల మధ్య జరిగేది. పోలీసులంటే ఇంటి గొడవ, పైవాళ్ళకు పనిలేదు. అదీ ఆ పేరులోని కిటుకు.

ఆ డిసెంబరు 9న పశ్చిమ జావాలోని రావగెదె అనే పల్లెకు డచ్చి సైనికులు వచ్చారు. తాము వెతుకుతున్న నాయకుడి జాడ చెప్పమన్నారు. ఊరివాళ్ళు చెప్పలేదు. మగవాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చేశారు. ఊరివాళ్ళ లెక్క 431 మంది; డచ్చి ప్రభుత్వం లెక్క 150. శవాలను పూడ్చింది ఆడవాళ్ళే. మగదిక్కు లేని ఇల్లు ఎలా గడుస్తుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు కదండీ! ఇది బుద్ధిపూర్వకంగా, నిర్దాక్షిణ్యంగా చేసిన పని అని 1948 జనవరిలోనే ఐక్యరాజ్యసమితి సంఘం తేల్చింది. అయినా ఆ అధికారిని కోర్టుకెక్కించలేదు.

1948 డిసెంబరులో రెండో దాడి జరిగింది. సుకర్ణోను బంధించారు. నెల తిరక్కుండానే నెహ్రూగారు ఢిల్లీలో ఆసియా దేశాల సభ పిలిచారు. నలుదిక్కులా ఒత్తిడి పెరిగి, 1949 డిసెంబరు 27న డచ్చివారు అధికారం అప్పగించారు.

రావగెదె వితంతువుల పని మాత్రం అక్కడితో తీరలేదు. అరవయ్యేళ్ళు దాటాక, ముసలితనంలో, హేగ్ కోర్టులో దావా వేశారు. గడువు ఎప్పుడో దాటిపోయిందని ప్రభుత్వం వాదించింది. ఆ వాదం చెల్లదని 2011 సెప్టెంబరు 14న కోర్టు చెప్పింది. ఆ డిసెంబరు 9న డచ్చి రాయబారి ఆ పల్లెకే వచ్చి క్షమాపణ చెప్పాడు. తలా ఇరవై వేల యూరోలు పరిహారం ఇచ్చారు. ఆ మాట వినడానికి దావా వేసినవారిలో అందరూ మిగల్లేదు.

2023లో డచ్చి ప్రధాని ఇండొనీషియా స్వాతంత్ర్య దినం 1945 ఆగస్టు 17 అని నిస్సంకోచంగా ఒప్పుకున్నాడు. అంటే, 1947లో వాళ్ళు సైన్యాన్ని నడిపించింది తమ ఇంట్లోకి కాదు, పరాయివాళ్ళ ఇంట్లోకి. రావగెదె ఆడవాళ్ళకు ఆ సంగతి మొదటి రోజే తెలుసు.