సింహాల్లో క్షయ

సింహాల్లో క్షయ ప్రధానంగా మైకోబాక్టీరియం బోవిస్ అనే బాక్టీరియా వల్ల వచ్చే దీర్ఘకాలిక అంటువ్యాధి. మూలంలో ఇది పశువుల రోగం. పశువుల నుంచి అడవి గేదెలకు, వాటి మాంసం ద్వారా సింహాలకు చేరుతుంది. అందువల్ల దీని నియంత్రణ సింహాల కన్నా ముందు పశువులతోనూ, సింహాలు వేటాడే జంతువులతోనూ మొదలు కావాలి. ఈ వ్యాధిపై విస్తృత పరిశోధన దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కులో జరిగింది.

వ్యాప్తి

మనుషుల్లో క్షయ కలిగించే మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్, బోవిస్ ఒకే కుదురుకు చెందినవి. గేదెల మందలో బోవిస్ ఎక్కువగా శ్వాస ద్వారా పాకుతుంది. రోగంతో నీరసించిన గేదె సింహాలకు సులభంగా చిక్కుతుంది. గుంపంతా ఒకే కళేబరాన్ని పంచుకుంటుంది కాబట్టి ఒక్క వేటతో అనేక సింహాలకు బాక్టీరియా సోకవచ్చు. సింహం నుంచి సింహానికి కాట్ల ద్వారా, దగ్గు తుంపరల ద్వారా కూడా అంటుతుంది.

లక్షణాలు, నిర్ధారణ

సోకిన తరువాత ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. ముదిరితే సింహం బక్కచిక్కుతుంది, జూలు, బొచ్చు కళ తప్పుతాయి. ముందుకాళ్ల మోచేతుల వద్ద వాపు, కుంటడం, కంటి నల్లగుడ్డుపై మసక కూడా కనిపిస్తాయి.

నిర్ధారణకు వాడే ప్రధాన పద్ధతి ట్యుబర్‌క్యులిన్ చర్మ పరీక్ష. సింహానికి మత్తు ఇచ్చి మెడ చర్మంలోకి ట్యుబర్‌క్యులిన్ ఎక్కించి, మూడు రోజుల తరువాత వాపును కొలుస్తారు. అంటే అదే సింహాన్ని అప్పటిదాకా బోనులో ఉంచాలి, లేదా అడవిలో మళ్లీ వెతికి పట్టుకోవాలి. ఈ ఇబ్బంది తప్పించడానికి ఒక్క రక్త నమూనాతో సరిపోయే పరీక్షలను పరిశోధకులు రూపొందించారు. నెలల తరబడి మందులు వాడాల్సిన చికిత్స అడవి సింహాల విషయంలో ఆచరణసాధ్యం కాదు.

ఆఫ్రికా అనుభవం

క్రూగర్ దక్షిణ సరిహద్దులోని క్రొకడైల్ నది అవతలి పశువుల నుంచి 1960 ప్రాంతంలో వ్యాధి గేదెల్లోకి ప్రవేశించిందని అంచనా. గేదెల్లో దీన్ని 1990లో, సింహాల్లో 1995లో గుర్తించారు. ఆ తరువాత అది ఉత్తరానికి పాకింది. సరిహద్దు దాటి జింబాబ్వేలోని గొనరెజౌ పార్కు గేదెల్లోనూ బయటపడింది. క్రూగర్‌లో సింహాల మొత్తం సంఖ్య మాత్రం కుప్పకూలలేదు.

చిన్న పార్కులో పరిస్థితి వేరు. దక్షిణాఫ్రికాలోని హ్లుహ్లువే–ఇమ్‌ఫొలోజీ పార్కు సింహాలు 1960ల నాటి కొద్దిపాటి సింహాల సంతతి. దగ్గరి రక్తసంబంధాల మధ్య సంతానోత్పత్తి వల్ల బలహీనపడిన ఆ గుంపుకు క్షయ కూడా తోడైంది. జన్యు వైవిధ్యం పెంచేందుకు 1999–2001 మధ్య బయటి సింహాలను తెచ్చి వదిలారు. మరోవైపు గేదెలను పట్టి పరీక్షించి, రోగం ఉన్నవాటిని ఏరివేసే కార్యక్రమం నడిపారు.

భారతదేశం

ఆసియా సింహాలు స్వేచ్ఛగా బతుకుతున్నది గుజరాత్‌లోని గిర్, దాని పరిసరాల్లోనే. 2025 లెక్కల్లో వాటి సంఖ్య 891. జన్యు వైవిధ్యం తక్కువ. అక్కడి పశుపాలకులైన మాల్‌ధారీల పశువులు కూడా వాటి ఆహారంలో భాగం. 2018లో కుక్కల డిస్టెంపర్ వైరస్ వ్యాపించినప్పుడు అక్కడి సింహాలకు టీకాలు వేశారు. క్షయకు సింహాల కోసం అలాంటి టీకా సిద్ధంగా లేదు. రెండో ఆవాసం కోసం కొన్ని సింహాలను మధ్యప్రదేశ్‌లోని కునోకు తరలించాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించినా అది అమలు కాలేదు.

మన దేశంలో బోవిస్ ఒక్కదాన్నే వెతికితే చాలదని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధన సూచిస్తోంది. 2020లో వెలువడిన ఆ అధ్యయనంలో క్షయ రోగుల నమూనాల్లో పశువులతో ముడిపడిన మైకోబాక్టీరియం ఒరిజిస్ దొరికింది. దక్షిణ భారతంలో అడవి ఏనుగుల్లో మానవ క్షయ బాక్టీరియా కనిపించిన ఉదంతాలూ ఉన్నాయి. మనిషి నుంచి సింహానికి రోగాలు చేరగలవని హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాల అనుభవం చూపింది: 2021లో అక్కడి ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకినట్లు పరిశోధన సంస్థ సీసీఎంబీ నిర్ధారించింది.

ఈ ముప్పు సింహాలకే పరిమితం కాదు. తమిళనాడు అడవుల్లో సింహాలు లేవు. అయితే అక్కడి పడమటి కనుమల్లో 2021లో ఏర్పడిన శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యంలో పులులు, చిరుతలు, అడవిదున్నలు, ఏనుగులు ఉన్నాయి. పశువులు, అడవిదున్నలు ఒకే మేతను, ఒకే నీటిని పంచుకునే చోట క్రూగర్ పాఠం పులులకూ వర్తిస్తుంది.

సంరక్షణకు సూచనలు

జంతువులను ఒక చోటి నుంచి మరో చోటికి తరలించే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. అడవి అంచు పల్లెల పశువులకు క్రమం తప్పని పరీక్షలు, మేతకు, నీటికి వేరు ఏర్పాట్లు, చనిపోయిన పశువులను అడవిలో పారవేయకపోవడం వ్యాధి గొలుసును తొలి దశలోనే తెంచుతాయి. చనిపోయిన ప్రతి అడవి జంతువుకూ శవపరీక్ష జరిపి ఊపిరితిత్తులు, శోషరస గ్రంథుల నమూనాలను ప్రయోగశాలకు పంపడం వ్యాధిని ముందుగా పసిగట్టే మార్గం. ఒకే ప్రాంతంలో మిగిలిన జాతికి రెండో ఆవాసం ఏర్పరచడం ఇవన్నీ విఫలమైనప్పుడు అక్కరకొచ్చే రక్షణ.