మేయర్ నిమ్మ: ఒక పెరటి చెట్టు చరిత్ర

అమెరికా వ్యవసాయ శాఖ తరఫున ఆసియాలో మొక్కలు సేకరించిన ఫ్రాంక్ మేయర్, చైనాలోని బీజింగ్ పరిసరాలలో అలంకారం కోసం కుండీలలో పెంచే ఒక నిమ్మ జాతిని 1908లో అమెరికాకు చేర్చాడు. నున్నని పలుచని తొక్కతో, పండే కొద్దీ నారింజ ఛాయకు తిరిగే పసుపు రంగుతో, పులుపు తగ్గిన రసంతో ఉండే ఈ సంకర జాతి, పొట్టిగా పెరిగి చలికి కొంత ఓర్చుకోవడం వల్ల కాలిఫోర్నియా, టెక్సాస్, ఫ్లోరిడా పెరళ్లలో స్థిరపడింది; తొక్క పలుచనై దూర రవాణాకు తట్టుకోలేకపోవడమే దానిని ప్రధానంగా ఇంటి చెట్టుగా నిలిపిందనడం సబబు.

అయితే ఈ చెట్లలో చాలావాటిలో ట్రిస్టెజా అనే వైరస్ దాగి ఉందని 1940లలో తేలింది. పేనుబంక ద్వారా వ్యాపించే ఈ వైరస్, మేయర్ నిమ్మలో ఏ లక్షణమూ చూపకుండానే, పుల్లనారింజ వేరుమూలంపై, అంటే అంటుకట్టడానికి ఆధారమైన కింది మొక్కపై, పెరిగే బత్తాయి చెట్లను ఎండగొట్టగలదు. వాణిజ్య తోటల రక్షణకై పెరటి చెట్లను నరికివేయడం కుటుంబాలకు బాధాకరమే అయినా తప్పనిసరి చర్య. వైరస్ సోకని ఒక చెట్టును 1950లలో గుర్తించగా, ఆ వంశపు మొక్కలను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1975లో ‘ఇంప్రూవ్డ్ మేయర్’ పేరుతో విడుదల చేసింది.