భారతదేశంలో ఆదాయ, వేతన అసమానతలు

భారతదేశంలో ఆదాయ అసమానత ఒకే తీరున పెరుగుతూ రాలేదు. 1922 ఆదాయపు పన్ను చట్టం నాటి నుంచి ఉన్న పన్ను లెక్కలతో లూకా ఛాన్సెల్, థామస్ పికెటీ వేసిన అంచనా ప్రకారం, అత్యధిక ఆదాయం గల ఒక శాతం మందికి 1930ల చివర్లో జాతీయాదాయంలో సుమారు 21 శాతం దక్కేది. 1980ల ఆరంభానికి అది 6 శాతానికి దిగింది. ఆ తర్వాతి పరిశోధన 2022-23కు ఆ వాటాను 22.6 శాతంగా లెక్కగట్టింది. పన్ను కట్టేవారు కొద్దిమందే కావడం వల్ల ఈ అంచనాలపై వాదోపవాదాలు ఉన్నాయి.

కూలీల చరిత్ర పన్ను కాగితాల్లో దొరకదు. కోస్తాలో పాలేరు, తెలంగాణలో జీతగాడు తెచ్చుకున్న అప్పు తీరేదాకా ఆసామి దగ్గరే ఏళ్లకేళ్లు పనిచేసేవారు. కోత కూలి కల్లంలోనే ధాన్యంగా కొలిచేవారు. గింజల కూలి తక్కువే అయినా, బజారులో బియ్యం ధర పెరిగినప్పుడు ఆ ఇంటి తిండికి అదే ఆసరా. కూలి డబ్బు రూపంలోకి మారాక ఆ రక్షణ పోయింది.

1963లో సోషలిస్టు నేత రామ్ మనోహర్ లోహియా పేదల రాబడి ప్రశ్నను లోక్‌సభకు తెచ్చారు. 27 కోట్ల మంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారని ఆయన అన్నారు. సగటున పదిహేను అణాలని ప్రధాని నెహ్రూ బదులిచ్చారు. సగటు లెక్క పేదవాడి రాబడిని ఎలా కప్పేస్తుందో దేశానికి అంత సూటిగా తెలియజెప్పిన చర్చ మరొకటి లేదు.

1969లో 14 బ్యాంకులను జాతీయం చేశారు, 1971లో మాజీ సంస్థానాధీశుల రాజభరణాలు రద్దయ్యాయి. 1973-74లో అత్యధిక ఆదాయ శ్రేణిపై పన్ను సర్‌చార్జీతో కలిపి 97.75 శాతానికి చేరింది. పైవారి వాటా తగ్గింది కానీ కిందివారి కూలి ఆ మేరకు పెరగలేదు. 1948 కనీస వేతనాల చట్టం పల్లెల్లో చాలాచోట్ల కాగితానికే పరిమితమైంది.

1991 సంస్కరణల తర్వాత సాఫ్ట్‌వేర్, ఆర్థిక సేవల జీతాలు వేగంగా పెరిగాయి. కర్మాగారాల్లో మాత్రం పర్మినెంటు కార్మికుడి పక్కనే అదే పని చేసే కాంట్రాక్టు కార్మికుడికి తక్కువ కూలి ఇవ్వడం మామూలైపోయింది. ఇది అన్యాయమే.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. అందులో ఆడ, మగ కూలీలకు ఒకే రేటు. తర్వాతి కొన్నేళ్లు గ్రామీణ నిజ వేతనాలు చురుగ్గా పెరిగాయి. గత దశాబ్దం మధ్య నుంచి ఆ జోరు బాగా తగ్గింది. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా, నాట్లూ కలుపూ ఆడవాళ్ల పనులనే పేరుతో వాటికి తక్కువ కూలి కట్టే అలవాటు పొలాల్లో ఇంకా పోలేదు.