ప్రయాణంలో ఆడవారి దుస్తులు: ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన సంగతులు

మన ఇళ్ళలో ఎవరో ఒకరు ఊరికి బయలుదేరని నెల ఉండదు. బరంపురం, రాయగడ నుంచి విశాఖపట్నం ఆసుపత్రులకు, షోలాపూర్ నుంచి తిరుపతికి, హోసూరు, బళ్ళారి నుంచి ఆంధ్రలోని చుట్టాల పెళ్ళిళ్ళకు వెళ్తూనే ఉంటాం. చదువుకో ఉద్యోగానికో ఒంటరిగా ప్రయాణం చేసే ఆడపిల్లలూ, మనవల దగ్గరికి వెళ్ళే పెద్దావిడలూ ఎక్కువయ్యారు. బయలుదేరేటప్పుడు ఇంట్లో వినబడే సలహా మాత్రం ఒక్కటే: "మర్యాదగా ఉండే బట్టలు వేసుకో." మాట మంచిదే. కానీ ఒంటికి హాయి, ఆరోగ్యం, ప్రాణభద్రత కూడా ఆ బట్ట మీదే ఆధారపడతాయి.

ముందు ఇంట్లో చూసుకోవలసినవి

ప్రయాణానికి అనుకున్న బట్ట కట్టుకుని నాలుగు పనులు చేసి చూడండి. చేతిలో సంచితో రెండు మెట్లు గబగబా ఎక్కండి. వంగి మంచం కింద నుంచి పెట్టె లాగండి. పది నిమిషాలు ఒత్తిగిలి పడుకోండి. ఒంటి చేత్తో బట్ట ఎత్తిపట్టుకుని మరుగుదొడ్డిలో కూర్చుని లేవండి. వీటిలో ఏ పనికైనా బట్ట అడ్డం వచ్చినా, మాటిమాటికీ సర్దుకోవలసి వచ్చినా దాన్ని పెట్టెలో పెట్టి, ఊరు చేరాక కట్టుకోండి.

మంచినీళ్ళు మానుకోవద్దు

దారిలో మరుగుదొడ్డికి వెళ్ళడం కష్టమని పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా కూర్చునే ఆడవారు మనలో చాలామంది. నీళ్ళు తగ్గించి, మూత్రం ఆపుకుంటే మూత్రనాళాల్లో ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఎండాకాలంలో వడదెబ్బ భయం కూడా ఉంది. దీనికి సగం కారణం బట్టే. నేలకు జీరాడే కుచ్చిళ్ళు, బిగుతు లెగ్గింగ్‌లు, ముడిపడిపోయే బొందులు ఉంటే తడి నేల మీద ఎవరికైనా ఇబ్బందే. మోకాళ్ళ కిందివరకు వచ్చే కుర్తా, ఎలాస్టిక్ నడుముతో వదులుగా ఉండే పైజామా అయితే కుర్తా చాటు ఉంటుంది, పనీ తేలిక. నెలసరి రోజులైతే ముదురు రంగు బట్ట, ఒక జత అదనపు లోదుస్తులు, వాడినవి చుట్టి పెట్టడానికి పాత కాగితాలు చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

చీర కట్టే అలవాటున్నవారికి

చీర మానాలని ఎవరూ చెప్పనక్కరలేదు. జీవితమంతా చీర కట్టినవారికి అదే సుఖం. కాకపోతే ప్రయాణానికి మెత్తబడిన నూలు చీర మంచిది. పట్టు చెమటను పీల్చి మరక పడుతుంది, గంజి పెట్టినది గుచ్చుకుంటుంది. కుచ్చిళ్ళు చీలమండ పైకి ఉండేలా కట్టి, పైట భుజం దగ్గర ఒక పిన్నీసుతో పెట్టి, కొంగు నడుముకు చుట్టి దోపుకోండి. లోపలి లంగాకు జేబు కుట్టించుకుంటే డబ్బు, టికెట్టు భద్రంగా ఉంటాయి. జాకెట్టు చంకల దగ్గర బిగుతు లేకుండా చూసుకోండి.

రైలులో రాత్రిపూట

టికెట్టు తీసేటప్పుడు వయసు సరిగ్గా రాయించండి. 45 ఏళ్ళు నిండిన ఆడవారికి, ఖాళీ ఉంటే, కింది బెర్తు దానంతటదే కేటాయించే ఏర్పాటు రైల్వేలో ఉంది. చీరతో పై బెర్తు ఎక్కే కష్టం దీనితో తప్పుతుంది. పై బెర్తే వస్తే కుర్తా పైజామాయే మేలు. నైటీ మీద చున్నీ కప్పుకుని పడుకునేవారు దాని కింద పైజామా కూడా వేసుకుంటే నిద్రలో బట్ట తొలగుతుందన్న బెంగ ఉండదు. ఏసీ పెట్టెలో చలికి, స్లీపర్‌లో చాటుకు షోలాపూర్ చద్దరు ఒకటి చాలు. బంగారం ఒంటి మీద ఎంత తక్కువ ఉంటే అంత నిద్ర.

స్టేషన్ నుంచి ఇంటికి: బండి, కదిలే మెట్లు

ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఈ చివరి రెండు మైళ్ళలోనే. మోటారు సైకిల్ వెనుక కూర్చున్నప్పుడు కొంగో చున్నీయో చక్రంలో పడితే మెడకు చుట్టుకుని ప్రాణం మీదికి వస్తుంది. వెనుక కూర్చున్నవారి బట్టలు చక్రంలో పడకుండా చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 123వ నియమం చెబుతోంది. బండికి అందం పోయిందని ఆ గార్డు తీయించిన కుర్రవాళ్ళు ఇంట్లో ఉంటే మళ్ళీ బిగించమనండి. ఎక్కేముందు చున్నీ రెండు కొసలూ ముందుకు తెచ్చి నడుముకు ముడి వేయాలి. స్టేషన్లలోని కదిలే మెట్ల మీద కుచ్చిళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని, అంచులకు దూరంగా మధ్యలో నిలబడాలి.

యాత్రలకు వెళ్ళేవారు గమనించవలసినవి

అంత దూరం వెళ్ళి బట్టల వల్ల దర్శనం ఆగిపోతే బాధ. ముఖ్యమైన చోట్ల నియమాలు ఇవి:

తిరుమల: ప్రత్యేక ప్రవేశ దర్శనానికి, ఆర్జిత సేవలకు చీర, లంగా ఓణీ, లేదా చున్నీతో చుడీదార్.

తిరువనంతపురం పద్మనాభస్వామి: చుడీదార్ వేసుకున్నవారు దాని మీద ముండు చుట్టుకోవాలి. చీరకు ఇబ్బంది లేదు.

పూరీ జగన్నాథుడు: 2024 జనవరి 1 నుంచి నిక్కర్లు, చిరిగిన జీన్స్, స్కర్టులు, చేతుల్లేని దుస్తులకు అనుమతి లేదు.

నాందేడ్ గురుద్వారా: ఆడా మగా అందరూ తల కప్పుకోవాలి. పొడవాటి చున్నీ సరిపోతుంది.

నియమాలు మారుతుంటాయి, బయలుదేరే ముందు ఆలయం వారి ప్రకటన ఒకసారి చూసుకోండి.

ఆసుపత్రి ప్రయాణం

ఈసీజీ తీసేటప్పుడు ఛాతీ మీద, రక్తపోటు చూసేటప్పుడు పైచేతి మీద బట్ట తీయవలసి వస్తుంది. ముందు హుక్కులున్న జాకెట్టు, వదులు చేతులు ఉంటే పరాయివాళ్ళ ముందు సిగ్గుపడే పరిస్థితి తగ్గుతుంది. ఎంఆర్ఐ ఉంటే పిన్నీసులు, నగలు, జరీ అంచు చీర వద్దు.

ఎవరైనా ఇబ్బంది పెడితే

ఇది ఇంట్లో పెద్దలకు ముఖ్యంగా చెప్పవలసిన మాట. దారిలో ఎవడో వెకిలిగా ప్రవర్తించాడని పిల్ల చెబితే "నువ్వేం వేసుకున్నావు?" అని అడగకండి. ఆ ప్రశ్న ఒక్కసారి విన్న పిల్ల రెండోసారి ఇంట్లో చెప్పదు. భారతీయ న్యాయ సంహితలోని 75, 78, 79 సెక్షన్ల కింద వేధించడం, వెంటపడడం, అవమానకరమైన మాటలు, సైగలు నేరాలు. ఆమె వేసుకున్న బట్టను బట్టి ఆ నేరం తగ్గదు. రైలులో అయితే 139కి, ఎక్కడైనా 112కి, మహిళల సహాయానికి 181కి ఫోన్ చేయవచ్చు. ఈ మూడు నంబర్లూ ఫోన్‌లోనే కాక, ఫోన్ పోయినా పనికొచ్చేలా ఒక చీటీ మీద కూడా రాసి చేతిసంచిలో పెట్టి పంపండి.