మూతికి గుడ్డ – ఊరికి రక్ష

గుంటూరునుండి చిలకలూరిపేటకు పోవు రహదారిపై ఎడ్లపాడు కలదు. సమీపమున కొండవీటి కోట. చుట్టును ప్రత్తి, మిరప చేలు. ఈ ప్రాంతమున మిరపకాయల తొడిమలు తీయు స్త్రీలు పైటచెంగును ముక్కుకు చుట్టుకొందురు. ప్రత్తి మిల్లులోని పనివాడు కండువాను మూతికి కట్టుకొనును. మిరప ఘాటును, దూది నుసిని ఆపు ఆ గుడ్డయే ఫ్లూ జ్వరమును గూడ ఆపగలదా? ప్రశ్న చిన్నదిగనే తోచును. కాని దీనికి సమాధానము వెదకుటలో ప్రపంచమునకు నూరేండ్లు గడచినవి. ఆ చరిత్రనే నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

పెద్దలయెదుట మాటలాడునపుడు నోటికి చేయియో, పైబట్టయో అడ్డముంచుకొనుట మనలో పాత మర్యాద. వైద్యులు ఇట్టి జాగ్రత్తకు వచ్చినది పందొమ్మిదవ శతాబ్ది చివర. మాటలాడునపుడు వెలువడు తుంపరలలో సూక్ష్మజీవులుండునని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫ్ల్యూగే చూపెను. 1897లో మికూలిచ్ అను శస్త్రవైద్యుడు మూతికి గాజుగుడ్డ కట్టుకొని చికిత్స చేయసాగెను. ఆ గుడ్డ వైద్యుని కాపాడుటకు గాదు. వైద్యుని ఊపిరినుండి రోగి గాయమును కాపాడుటకు. ఈ తేడాను శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక.

కట్టుకొన్నవానికి గూడ రక్ష కలదను సంగతి మంచూరియాలో తేటపడినది. 1910 చలికాలమున అచట ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగెను. పెనాంగులో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన డాక్టరు వూ లియెన్‌తే, ఇది ఎలుకలవలన గాక ఊపిరివలన వ్యాపించుచున్నదని గ్రహించి, దూదియు గాజుగుడ్డయు చేర్చిన మాస్కును అందరిచేత కట్టించెను. మెస్నీ అను ఫ్రెంచి వైద్యుడు ఆ మాట నమ్మక, మాస్కు లేకయే రోగులను పరీక్షించి, కొలది దినములలో ఆ ప్లేగుతోనే మరణించెను. సుమారు 60 వేలమందిని బలిగొని 1911 వసంతమున ఆ వ్యాధి అణగినది. అయితే వూ మాస్కును మాత్రమే నమ్మి ఊరకుండలేదు. రోగులను వేరుచేయించెను, రాకపోకలను కట్టుదిట్టము చేయించెను, శవములను దహింపించెను.

1918 జూన్ నెలలో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయిలో అడుగిడినది. ఆ ఏడు వర్షములును ముఖము చాటువేసినవి. ధాన్యము ధర పెరిగినది. ఆకలికి జ్వరము తోడై, భారతదేశమున కోటి ఇరువది లక్షలకు పైగా ప్రజలు మరణించిరని చరిత్రకారుల అంచనా. పడమటి, నడిమి ప్రాంతములు మిక్కిలి దెబ్బతినగా, మద్రాసు రాజధాని కొంత తక్కువగా నష్టపోయినది.

అదే సంవత్సరము అక్టోబరులో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరము మాస్కును శాసనము చేసినది. నవంబరు 21న శాసనము తొలగగనే జనము మాస్కులను తీసి పారవేసిరి. జ్వరము మరలివచ్చినది, 1919 జనవరిలో శాసనమును మరలివచ్చినది. దానిని వ్యతిరేకించి ఒక సంఘమే వెలసినది. అనంతరము ఆ రాష్ట్ర ఆరోగ్యాధికారి కెల్లాగ్ పరిశీలించి, నిర్బంధ మాస్కు వ్యాధిని ఆపలేదని ఒప్పుకొనెను. పలుచని గుడ్డ తుంపరలను ఆపదు. పొరలు పెంచినచో ఊపిరి ప్రక్కలనుండి జారిపోవును. పైగా ఆనాటి వైద్యులకు శత్రువు ఎవరో తెలియదు. ఫ్లూ వైరస్‌ను మనుష్యునినుండి వేరుచేసి గుర్తించినది 1933లో.

1957 మే నెలలో ఆసియా ఫ్లూ సింగపూరునుండి ఓడమీద మద్రాసు చేరినది. 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ విమానమెక్కి హైదరాబాదులో దిగినది. శాస్త్రజ్ఞులు మాస్కును ప్రయోగములకు పెట్టిరి. హాంగ్‌కాంగ్‌లో ఇంట ఒకరికి ఫ్లూ సోకిన 36 గంటలలోపల మాస్కు ధరించి, చేతులు శుభ్రపరచుకొన్న కుటుంబములలో ఇతరులకు అంటుట తగ్గినది. ఆలస్యమైనచోట అంత ఫలము కానరాలేదు. 2023లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష, జనసామాన్యమునకు మాస్కులు ఇచ్చినంతమాత్రమున ఫ్లూ అంతగా తగ్గినట్లు ప్రయోగములు చూపలేదని చెప్పినది. ఇచ్చుట వేరు, సరిగా ధరించుట వేరు గదా!

2020లో కోవిడ్ వచ్చినపుడు, ప్రతివ్యక్తికి మూడేసి మాస్కులు ఇత్తుమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రకటించినది. స్వయంసహాయక సంఘముల మహిళలు వాటిని కుట్టిరి. ఆ కాలమున ప్రపంచమంతట ఫ్లూ గూడ దాదాపు కనుమరుగైనది. ప్రయాణములు ఆగి, పాఠశాలలు మూతపడిన రోజులవి; కనుక ఆ కీర్తినంతను మాస్కుకే కట్టబెట్టరాదు.

ఇక మన ప్రశ్నకు వత్తము. మిరప ఘాటు బయటినుండి వచ్చును. దానిని పీల్చువాడు గుడ్డ కట్టుకొన్న చాలును. ఫ్లూ ఒకరి నోటినుండి బయలుదేరి వేరొకరి ముక్కును చేరును. కనుక మొదట గుడ్డ కట్టవలసినది దగ్గువాడు. కాని కూలి పోవునను భయముతో జ్వరముండియు ఆటోలో పదిమందితో ఇరుకుకొని పనికి వచ్చువారు కలరు. వారిని నిందించి ప్రయోజనము లేదు. రెండు దినములు ఇంటనుండుమని చెప్పి, కూలి విషయమున కనికరించు యజమాని ఏ మాస్కుకంటెను ఎక్కువ మేలు చేయును.

అంతవరకు, ముక్కును నోటిని రెంటిని చక్కగ కప్పు శుభ్రమైన మాస్కు, గాలివచ్చు కిటికీ, సబ్బుతో కడిగిన చేతులు, వృద్ధులకు ఫ్లూ టీకా – ఇవి ఒకదానికొకటి తోడు. దినమంతయు నుసి పట్టిన కండువా వీటికి సాటిరాదు. మూతిగుడ్డ కోటగోడ కాదు, కోటలో ఒక రాయి మాత్రమే. అయినను రాయి రాయి చేరియే గదా కొండవీడు నిలిచినది!