ఆదిలాబాద్ అడవుల్లో కొడవలి కణం

పూర్వపు ఆదిలాబాద్ జిల్లా ఆదివాసీ గూడేల్లో సికిల్ సెల్ రక్తహీనత తరతరాలుగా వస్తున్న జబ్బు. ఎముకలూ కీళ్లూ పీకేసే నొప్పులు, కళ్లు పచ్చబడటం, పసిపిల్లల చేతులూ పాదాలూ వాచిపోవడం, కడుపులో బల్ల పెరగడం దీని లక్షణాలు. జ్వరం, నెత్తురు తగ్గడం, బల్ల మలేరియాలోనూ కనిపిస్తాయి. అందుకే రక్తపరీక్ష అందుబాటులో లేని కాలంలో ఈ జబ్బుకు విడిగా పేరు లేకపోయింది. పిల్లలు చనిపోతే అది జ్వరాల ఖాతాలోకే పోయేది.

గోదావరి, ప్రాణహిత, పెన్‌గంగల మధ్య ఉన్న ఈ టేకు అడవులు నిజాం కాలంలో మలేరియాకు పేరుమోసినవి. 1940లో జోడేఘాట్ దగ్గర గోండు తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన మార్లవాయిలో ఉండి భూమి సమస్యను, గోండుల సగలనే గోత్ర సమూహాలను, పండుగలను వివరంగా రాశారు. ఆదిలాబాద్ రాజ్‌గోండులపై ఆయన పుస్తకం 1948లో వచ్చింది. భారతదేశంలో కొడవలి కణాలను తొలిసారి గుర్తించింది మాత్రం ఆ తర్వాతే, 1952లో, నీలగిరి ఆదివాసుల్లోనూ అస్సాం తేయాకు తోటల కూలీల్లోనూ.

మలేరియాకూ ఈ జబ్బుకూ ఉన్న చుట్టరికం 1954లో బయటపడింది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే సికిల్ జన్యువు వచ్చినవారికి, అంటే వాహకులకు, తీవ్రమైన మలేరియా నుంచి చాలావరకు రక్షణ ఉంటుందని ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపారు. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. మలేరియా చంపే చోట ఈ జన్యువు మనిషిని కాపాడింది కాబట్టే తరతరాలుగా నిలిచింది. ఆదివాసులు దగ్గరి బంధువుల్లో చేసుకునే పెళ్లిళ్ల వల్లే ఈ జబ్బు పుట్టిందనే మాట సరి కాదు. ఏ బంధుత్వమూ లేని ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకున్నా బిడ్డకు జబ్బు రావచ్చు.

ఈ జబ్బులోని వంగిన ఎర్ర కణాలను అంతకు చాలా ముందే, 1910లో, షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ వర్ణించారు. లోపం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని 1949లో లైనస్ పౌలింగ్ బృందం తేల్చింది. 1956-57లో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రామ్ ఆ ప్రొటీన్‌ను ఎంజైముతో ముక్కలు చేసి, కాగితం మీద మచ్చలుగా విడదీసి చూశారు. ఒక్క మచ్చ మాత్రమే చోటు మారింది. అందులో ఒక గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంది.

ఆ మార్పు కణంలో ఎలా జరుగుతుందో ఆర్‌ఎన్‌ఏ పరిశోధనలు వచ్చాకే అర్థమైంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటాయి. జన్యువులోని సూచన ఎంఆర్‌ఎన్‌ఏగా నకలవుతుంది. ప్రొటీన్ తయారుచేసే రైబోజోమ్ దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ఆ మూడక్షరాలకు జోడు కుదిరే టీఆర్‌ఎన్‌ఏ తన అమైనో ఆమ్లాన్ని తెచ్చి అందిస్తుంది. మామూలు గొలుసులో ఆరో, ఏడో స్థానాలు రెండూ జీఏజీ, అంటే గ్లుటామిక్ ఆమ్లం. సికిల్ జన్యువులో ఆరోది జీయూజీ, అంటే వాలీన్.

ఈ తయారీ సాఫీగా సాగడానికి ఆర్‌ఎన్‌ఏ మీద జరిగే రసాయన మార్పులు చాలా అవసరం. ఎంఆర్‌ఎన్‌ఏ మొదట్లో మిథైల్ చేరిన గ్వానోసిన్ టోపీలా అమరి ఉంటుంది. అది లేకపోతే ప్రొటీన్ తయారీ పడిపోతుందని 1975లో తేలింది. టీఆర్‌ఎన్‌ఏలోనూ మారిన అక్షరాలు ఉంటాయని 1965లో రాబర్ట్ హాలీ దాని క్రమాన్ని మొదటిసారి రాసినప్పుడే కనిపించింది. గ్లుటామిక్ ఆమ్లం మోసే ఒక టీఆర్‌ఎన్‌ఏలో, జోడు కుదిర్చే చోట ఉన్న యూరిడిన్‌కు గంధకంతో పాటు మరో రసాయన సమూహం తగిలి ఉంటుంది. ఆ మార్పు లోపిస్తే రైబోజోమ్ అక్కడ తడబడుతుంది. రైబోజోమ్‌లోని ఆర్‌ఎన్‌ఏకూ మిథైల్ గుర్తులు, సూడోయూరిడిన్‌లు ఉంటాయి.

ఎర్ర కణానికి ఇవన్నీ మరీ ముఖ్యం. ఎముక మజ్జలో అది తన కేంద్రకాన్ని బయటకు నెట్టేస్తుంది. ఇక కొత్త నకళ్లు పుట్టవు. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల పాటు, అప్పటికే ఉన్న ఎంఆర్‌ఎన్‌ఏతోనే హిమోగ్లోబిన్ తయారవుతుంది. ఎంఆర్‌ఎన్‌ఏ మొదట ఉండే టోపీ, చివర ఉండే తోక చెదరకుండా ఉన్నంతవరకే ఆ పని నడుస్తుంది. సికిల్ ఎంఆర్‌ఎన్‌ఏకు ఈ రక్షణలన్నీ పూర్తిగా ఉంటాయి. కొన్ని రకాల తలసీమియాలో మధ్యలోనే 'ఆపు' అనే సంకేతం పడితే కణం ఆ నకలును గుర్తించి ధ్వంసం చేస్తుంది. జీయూజీ మాత్రం అర్థం ఉన్న మాటే కాబట్టి ఏ కాపలాకూ అది చిక్కదు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ వాలీన్ పక్క అణువుకు అతుక్కుంటుంది. అణువులు కడ్డీలుగా పేరుకుని కణాన్ని కొడవలిలా వంచుతాయి. మామూలుగా 120 రోజులు బతికే కణం 10 నుంచి 20 రోజుల్లో చితికిపోతుంది. వాహకుల్లో సికిల్ హిమోగ్లోబిన్ సుమారు 40 శాతం మించదు కాబట్టి వారికి సాధారణంగా బాధ ఉండదు.

భారత ఆదివాసుల్లో ఈ జన్యువు ఎక్కువగా 'అరబ్-ఇండియన్' అనే నేపథ్యంతో కనిపిస్తుంది. ఆఫ్రికా జన్యువుతో సంబంధం లేకుండా ఇది ఆసియాలో విడిగా పుట్టిందని 1986లో పరిశోధకులు వాదించారు. అయితే అన్నిటికీ మూలం ఒకటేనని 2018 నాటి జన్యు విశ్లేషణ సూచించింది. ఈ రకంలో శిశు హిమోగ్లోబిన్ పెద్దయ్యాకా ఎక్కువగానే మిగులుతుంది. అది కడ్డీలు కట్టకుండా అడ్డుపడటం వల్ల జబ్బు తరచూ కొంత నెమ్మదిగా ఉంటుంది. ఈ జబ్బుకు వాడే హైడ్రాక్సీయూరియా మందు కూడా శిశు హిమోగ్లోబిన్‌ను పెంచే పని చేస్తుంది.

2016లో పాత జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్‌లుగా విడిపోయింది. ఆదిలాబాద్ పట్టణంలోని రిమ్స్ వైద్య కళాశాల 2008 నుంచి ఉంది. 2023 జూలై 1న కేంద్రం మొదలుపెట్టిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం, తెలంగాణ సహా 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. తొలి పరీక్ష సులువే. గొట్టంలోని ద్రావణంలో కొద్దిగా నెత్తురు కలిపి, గొట్టం వెనుక గీతలున్న కార్డు పెడతారు. గీతలు కనిపించకుండా ద్రావణం మసకబారితే సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నట్టు. వాహకులా, రోగులా అన్నది హెచ్‌పీఎల్‌సీ పరీక్ష తేలుస్తుంది. ఇద్దరు వాహకులకు పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. హైడ్రాక్సీయూరియా వాడేవారికి రక్తకణాల లెక్క తరచూ చూడాలి కాబట్టి, అడవి గూడెం నుంచి ప్రయోగశాల ఎంత దూరమన్నది ఇక్కడ మందుతో సమానమైన ప్రశ్న.